కొత్త కారుకు ఎఫ్‌సీ ఎవరిచ్చారు?

బేతంచెర్లలో నాపరాయి ఎంత మామూలో, దాన్ని మోసే లారీలూ అంతే మామూలు. అందుకే ఇక్కడ ఎవరింటి ముందైనా కొత్త కారు ఆగితే, మద్దిలేటి నరసింహస్వామి దగ్గర పూజ చేయించారా అన్న మాట తర్వాత ఇంకో మాట వస్తుంది. ఏళ్ల తరబడి లారీ తోలిన పెద్దాయన అడిగే మాట అది: "ఏమప్పా, మా బండికి ఎఫ్‌సీ లేకుంటే రోడ్డెక్కనీరు గదా, మీ కారును ఎవురు చూసినారు?"

చాలా మంచి ప్రశ్న. పది లక్షలు పోసి కొన్న కారులో భార్యాపిల్లల్ని కూర్చోబెట్టుకుని నంద్యాలకు బయల్దేరే ముందు, దాని భద్రతను ఎవరు పరీక్షించారో తెలుసుకోవడం మన బాధ్యత. చూసినవాళ్లు ఉన్నారు. అయితే చూసింది ఒకసారి, అదీ కారు మన చేతికి రాకముందు. సొంత కారైతే ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా చట్టప్రకారం దాని బ్రేకును పట్టి చూసేవాళ్లు లేరు. ఈ ఖాళీని మనమే పూరించుకోవాలి.

సొంత కారుకు ఎఫ్‌సీ అవసరమా?

ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఈ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని చెప్పే కాగితం. బండిని తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును పాతతరం ఇప్పటికీ "బ్రేకు ఇన్‌స్పెక్టరు" అనే పిలుస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 56వ సెక్షన్ ప్రకారం ఈ సర్టిఫికెట్ తప్పనిసరి అయింది రవాణా వాహనాలకు, అంటే కిరాయికి తిరిగే లారీలు, బస్సులు, ఆటోలు, ట్యాక్సీలకు. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారుకు విడిగా ఎఫ్‌సీ ఉండదు. దాని రిజిస్ట్రేషనే 15 ఏళ్లు చెల్లుతుంది. అది ముగిసి, పొడిగింపు కోరిన రోజునే ఫిట్‌నెస్ ప్రశ్న మొదటిసారి వస్తుంది.

కనీసం కొన్న రోజైనా ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి కదా అని సందేహం రావచ్చు. ఒకప్పుడు చూపించాల్సిందే. 2019లో చట్టాన్ని సవరించాక, అధీకృత డీలర్ అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషన్ కోసం అధికారి ముందుకు తీసుకెళ్లనక్కర్లేదు. కాగితాలు వెళ్తే చాలు, కారు వెళ్లాల్సిన పనిలేదు.

మరి కొత్త కారును ఎవరూ చూడనట్టేనా?

చూశారు. కానీ అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూసినట్టు చూశారు. ఏ మోడల్ అయినా మార్కెట్లోకి వచ్చే ముందు దాని నమూనా బండ్లను పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థల్లో పరీక్షిస్తారు. దీన్ని టైప్ అప్రూవల్ అంటారు, అంటే ఒక నమూనాకు ఇచ్చే ఆమోదం. బ్రేకులు, లైట్లు, అద్దాలు, సీటు బెల్టులు, పొగ, అన్నీ అందులోకి వస్తాయి. తర్వాత కూడా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే బండ్లు ఆ నమూనాలాగే ఉన్నాయా లేదా అని అప్పుడప్పుడు మళ్లీ మెతుకు పట్టి చూస్తారు.

ఈ పరీక్షల్లో కఠినమైనది ఢీ పరీక్ష. కారును గంటకు 56 కి.మీ. వేగంతో తీసుకెళ్లి, ముందుభాగంలో ఒక పక్కను అడ్డుగోడకు గుద్దిస్తారు. పక్కనుంచి 50 కి.మీ. వేగంతో గుద్దించే పరీక్ష ఇంకొకటి. ఇవి 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరు నుంచి అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు తప్పనిసరి అయ్యాయి. 56 కి.మీ. వేగం చిన్నదేమీ కాదు. ఒక్కో అంతస్తు మూడు మీటర్లు అనుకుంటే, నాలుగంతస్తుల మేడ మీంచి కారును కింద పడేస్తే నేలను తాకే వేగం అది.

కారు భద్రతకు ఇచ్చే స్టార్ల సంగతి వేరే. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ మార్కులిచ్చే పరీక్ష. కంపెనీలు తమంతట తాము రావాలి, తప్పనిసరి కాదు. ఇక్కడ ముందునుంచి గుద్దే వేగం 64 కి.మీ. ఎనిమిది కిలోమీటర్లే పెరిగింది కదా అనిపిస్తుంది. మేడ లెక్కలో చూస్తే నాలుగంతస్తులు కాస్తా ఐదు దాటాయి. పెద్దల భద్రతకు 32 మార్కులు, పిల్లల భద్రతకు 49 మార్కులు ఉంటాయి. ఐదు స్టార్లు రావాలంటే పెద్దల విభాగంలో కనీసం 27, పిల్లల విభాగంలో కనీసం 41 తెచ్చుకోవాలి. షోరూములో స్టార్లు ఎన్ని అని అడిగి ఊరుకోకుండా, పిల్లల విభాగంలో ఎన్ని మార్కులొచ్చాయో కూడా అడగండి.

ఇదే కారును ట్యాక్సీగా తిప్పితే?

ప్లేటు పసుపు రంగులోకి మారుతుంది, లెక్క కూడా మారుతుంది. 2018 నవంబరులో మార్చిన నిబంధన ప్రకారం, పూర్తిగా తయారై వచ్చిన కొత్త రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ రోజు నుంచి రెండేళ్లు ఫిట్‌నెస్ ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా పరీక్ష. ఈ వెసులుబాటు పూర్తిగా తయారై వచ్చిన బండికే. ఛాసిస్ మాత్రమే కొని బయట బాడీ కట్టించుకున్న లారీకి ఇది వర్తించదు.

పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లను ఊహించుకోండి. రెండిళ్ల ముందూ ఒకే మోడల్ కారు, ఒకే రోజు కొన్నవి. ఒకటి ట్యాక్సీ, ఒకటి సొంతానికి. పదిహేనేళ్లు నిండేలోపు ట్యాక్సీ తొమ్మిది పది సార్లు ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడుతుంది. సొంత కారు ఒక్కసారి కూడా నిలబడదు. ట్యాక్సీ ఎక్కువ తిరుగుతుంది కాబట్టి ఎక్కువ పరీక్షలు ఉండటం న్యాయమే. కానీ ఏడాదికి 10,000 కి.మీ. చొప్పున లెక్కేసినా సొంత కారు పదిహేనేళ్లలో లక్షన్నర కి.మీ. తిరుగుతుంది. బేతంచెర్ల నుంచి నంద్యాలకు పోయి రావడం 90 కి.మీ. అనుకుంటే 1,650 సార్లకు పైగా పోయి వచ్చినట్టు. అన్ని ప్రయాణాలు చేసిన బండిని ఎవరూ తనిఖీ చేయకపోవడం చిన్న విషయం కాదు.

మిగతా దేశాల్లో ఎలా ఉంది?

బ్రిటన్‌లో కొత్త కారుకు మూడేళ్లు నిండగానే ఎంఓటీ అనే పరీక్ష చేయించాలి, ఆపై ఏటా. జపాన్‌లో మొదట మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి. పదిహేనో ఏడుతో కలిపి లెక్కిస్తే బ్రిటన్‌లో 13 పరీక్షలు, జపాన్‌లో 7, మన సొంత కారుకు 1.

మన పిల్లలు చాలామంది ఉంటున్న టెక్సస్‌లో మాత్రం గాలి ఎదురు దిక్కుకు తిరిగింది. అక్కడ సొంత వాహనాలకు ఉన్న భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. తనిఖీ పోయినా దాని బదులు కట్టే 7.50 డాలర్ల రుసుము మిగిలింది. కొత్త బండికైతే రెండేళ్లకు కలిపి 16.75 డాలర్లు. డాలస్, హ్యూస్టన్ లాంటి పెద్ద నగరాల చుట్టూ ఉన్న కౌంటీల్లో పొగ పరీక్ష కొనసాగుతోంది. చట్టం ఎటు తిరిగినా అరిగిన టైరుకు అది తెలియదు. అడిగేవాళ్లు లేని చోట సొంతదారు కన్నే తనిఖీ కేంద్రం.

డెలివరీ రోజు ఏం చూడాలి?

ఫ్యాక్టరీలో పట్టి చూసిన మెతుకు మన కారు కాదని గుర్తుపెట్టుకోండి. మన కారు లారీ ఎక్కి, యార్డులో ఎండకు నిలబడి వచ్చింది. అందుకే తాళాలు తీసుకునే ముందు ఒక అరగంట అడగండి. షోరూమువాళ్లు కూడా బండి అప్పగించే ముందు ఒక తనిఖీ చేస్తారు, దాన్ని పీడీఐ అంటారు. ఆ జాబితా చూపించమనండి. కొబ్బరికాయ కొట్టాక చూసుకుందాంలే అనుకోవద్దు.

ముందు కాగితం. ఫారం 22 అనేది తయారీ కంపెనీ ఇచ్చే యోగ్యతా పత్రం. పొగ ప్రమాణాలకూ భద్రతా ప్రమాణాలకూ ఈ బండి సరిపోతుందని కంపెనీ సంతకం పెట్టేది అందులోనే. పెద్దాయన ప్రశ్నకు సూటి జవాబు ఈ కాగితమే. అందులోని ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. కారు మీద చెక్కిన నంబరుతో ఒక్కొక్కటే సరిచూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా రేపు బీమా దగ్గర, అమ్మకం దగ్గర తంటా.

తర్వాత టైరు. దాని పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఐదో టైరును, అంటే స్టెప్నీని కూడా చూడండి. టైర్ల తేదీకీ కారు తయారైన నెలకూ పొంతన లేకపోతే కారణం అడగండి.

ఆపై బండి స్టార్ట్ చేసి కూర్చోండి. 2019 జులై నుంచి తయారయ్యే కార్లలో బెల్టు పెట్టుకోకపోతే హెచ్చరిక మోగాలి, వెనక్కి తీసేటప్పుడు సెన్సారు కూయాలి. వేగం 80 కి.మీ. దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా హెచ్చరించాలి. తాళం తిప్పగానే వెలిగే ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ గుర్తులు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు. ఆ దీపం ఆరకపోతే బండి తీసుకోకండి.

ఏటా చేయించాల్సింది ఏదీ లేదా?

ఒకటుంది, పొగ పరీక్ష. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి ఏడాది దాకా అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్6 (ఇప్పటి పొగ ప్రమాణం) కారుకు ఏడాదికోసారి సర్టిఫికెట్ తీసుకోవాలి. పెట్రోలు కారు ఆగి ఉండి ఇంజను తిరుగుతున్నప్పుడు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు 0.3 శాతం మించకూడదు. కాలకుండా మిగిలిన ఇంధనపు ఆవిరి పది లక్షల పాళ్లలో 200 పాళ్లు మించకూడదు. ఇంటి మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకును ఆ పొగతో నింపారనుకోండి. అందులో విషవాయువు మూడు లీటర్లకు, ఆవిరి ఒక గ్లాసుకు మించకూడదన్నమాట.

పొగ పరీక్ష పాసైతే బండి బాగున్నట్టే కదా అనుకునేవాళ్లున్నారు. ఆ యంత్రం సైలెన్సరు గొట్టంలోకి చూస్తుందే తప్ప బ్రేకు, టైరు, స్టీరింగు జోలికి పోదు. రక్తపరీక్ష బాగుందని కాలు విరగలేదని చెప్పలేం.

మన తనిఖీ మనమే ఎలా చేసుకోవాలి?

టైరుతో మొదలుపెట్టండి. కారు టైరు గాళ్ల లోతు 1.6 మి.మీ. కంటే తగ్గితే నిబంధనల ప్రకారం అది పనికిరాదు. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. రెండు కార్డులు కలిపి పెడితే దాదాపు ఆ కొలత వస్తుంది. కొత్త టైరు గాడి సాధారణంగా 7, 8 మి.మీ. ఉంటుంది, అంటే పది కార్డుల లోతు. రెండు కార్డుల దాకా అరిగిందంటే వానరోజు నీటిని పక్కకు నెట్టే చోటు మిగల్లేదని అర్థం. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది.

తర్వాత బ్రేకు. గంటకు 80 కి.మీ. వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. గేదె అడ్డొచ్చిందని మెదడు గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక సెకను, అంటే 22 మీటర్లు అయిపోతాయి. బ్రేకులు, టైర్లు బాగుంటే పొడి రోడ్డు మీద ఇంకో 36 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 58. బ్రేకు పట్టు మూడో వంతు తగ్గితే ఆ 36 కాస్తా 54 అవుతుంది, మొత్తం 76. తేడా 18 మీటర్లు, అంటే నాలుగు చిన్న కార్లు వరసగా నిలబెట్టినంత దూరం. ఊళ్లో మెల్లగా తిరిగేటప్పుడు ఈ తేడా తెలియదు, హైవే ఎక్కినప్పుడే బయటపడుతుంది. పెడలు మెత్తగా లోపలికి దిగినా, బండి ఒక పక్కకు లాగినా, కీచుమన్నా వాయిదా వేయకండి.

బరువు సంగతి బేతంచెర్లవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. చదరపు అడుగు వైశాల్యం, అంగుళం మందం ఉన్న నాపరాయి సుమారు 6 కిలోలు తూగుతుంది. రెండడుగుల చదరం బండ ఒక్కటే 24 కిలోలు. ఎనిమిదడుగుల చదరపు గదికి 16 బండలు చాలు, చిన్న పనే కదా, డిక్కీలో వేసుకుపోదాం అనిపిస్తుంది. ఆ పదహారు బండలు 384 కిలోలు, ఐదుగురు పెద్దవాళ్ల బరువు. పైగా ఆ బరువంతా వెనక ఇరుసు మీదే. ముందు చక్రాల పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది. ఆటోకు ఇచ్చే కిరాయి మిగుల్చుకోవడానికి ఇది తగిన పని కాదు.

అద్దాల గురించి ఒక మాట. మన ఎండకు నల్ల ఫిల్మ్ అంటించుకోవాలన్న కోరిక సహజమే. కానీ ముందు, వెనక అద్దాల్లోంచి నూటికి 70 పాళ్లు, పక్క అద్దాల్లోంచి 50 పాళ్లు వెలుతురు లోపలికి రావాలన్నది నిబంధన. నల్ల ఫిల్మ్ అతికించడాన్ని 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ముందు బంపరుకు ఇనుప కమ్మీల గార్డు కట్టించడమూ ఇలాంటిదే. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన ముందుభాగం ఆ గార్డు వల్ల దెబ్బను లోపలికి పంపుతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే లెక్క కూడా తప్పవచ్చు. రాతి పొడి పేరుకున్న అద్దాన్ని పొడిగుడ్డతో తుడవకుండా నీళ్లు పోసి కడిగితే గీతలు పడవు.

చివరగా సీటు బెల్టు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారని కేంద్ర రవాణా శాఖ నివేదిక లెక్క. రోజుకు 46 మంది, అంటే నిండా కూర్చున్న ఒక ఆర్టీసీ బస్సు. వారిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవారు. ఎన్ని స్టార్లొచ్చిన కారైనా ఢీ పరీక్షలో కూర్చోబెట్టిన బొమ్మలకు బెల్టు పెట్టే మార్కులు వేస్తారు. బెల్టు లేని మనిషికి ఆ స్టార్లు వర్తించవు.

పదిహేనేళ్లు నిండాక?

అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష, పాసైతే మరో ఐదేళ్ల రిజిస్ట్రేషన్. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము ఒకప్పుడు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఐదేళ్లకు పంచితే నెలకు 83 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆలస్యమైతే నెలకు 500 అదనం. కట్టే ముందు అప్పటి రేటు ఎంతో చూసుకోండి.

పాత కారు కొనేవారికి ఇక్కడే ఒక చిట్కా. మన కర్నూలు ఉమ్మడి జిల్లా పాత కోడ్ ఏపీ 21. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస మొదలైంది. కాబట్టి ఏపీ 21 ప్లేటు ఉన్న ఏ కారైనా అంతకంటే పాతదే. దాని ఆర్‌సీలో గడువు తేదీ చూసి, పదిహేనేళ్లకు ఎన్నాళ్లు మిగిలిందో లెక్కేసుకున్నాకే బేరమాడండి.

ఏ రోజు చేయాలి?

తేదీ లేని పని జరగదు. మనకు తేదీ వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేదు. ఏటా దసరాకు బండి కడిగి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఆ ముందురోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి చక్రాలు విప్పించి బ్రేకు ప్యాడ్లు చూపించండి. రెండు ఏటీఎం కార్డులతో ఐదు టైర్లూ కొలవండి. సాయంత్రం గోడ ముందు నిలబెట్టి లైట్లన్నీ వెలిగించి చూడండి. ప్రతి సీటు బెల్టునూ ఒక్కసారి గట్టిగా లాగండి. చూసింది ఒక చిన్న పుస్తకంలో తేదీతో రాసి డ్యాష్‌బోర్డులో పెట్టండి.

పదిహేనేళ్లకు పదిహేను పేజీలు. ఈసారి ఆ పెద్దాయన మీ కారును ఎవురు చూసినారని అడిగితే, ఫారం 22తో పాటు ఆ పుస్తకమూ ఆయన చేతిలో పెట్టండి. లారీ తోలిన మనిషి కాబట్టి ముందు బ్రేకుల పేజీయే తిప్పుతాడు.